పెరటి ఉల్లికాడ: మొదలు నిలుపుకొను విధము

ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదని మనవారి సామెత. అట్లు తల్లితో పోల్చదగిన వస్తువును అంగడిలో కొనుటకే మనము అలవాటు పడితిమి గాని, పెరటిలో నిలుపుకొను పద్ధతిని క్రమముగా మరచుచున్నాము. గడ్డకొరకు పొలము కావలెను, నీరు కావలెను, కూలి కావలెను. కాడకొరకు అవేవియు అక్కరలేదు. మూడడుగుల నేల, లేక రెండు పాత కుండలు, వంటయింట బియ్యము కడిగిన నీరు, దినమునకు కొంచెము ఎండ ఉన్న చాలును. నేటి ప్రసంగమున ఈ ఉల్లికాడను ఏర్పేటి వంటి ప్రదేశమున ఇంటి పెరటిలో పెంచుట యెట్లు, కోయుట యెట్లు, ఏడాది పొడుగున మొదలు చెడకుండ నిలుపుట యెట్లు అను మూడు విషయములను మనవి చేసెదను.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఉల్లి యను పదము సంస్కృతము నుండి వచ్చినది కాదు, మన దేశ్యపదము. కన్నడమున ఈరుళ్ళి యనియు, మనకు నీరుల్లి, వెల్లుల్లి యనియు ఆ పదమే నిలిచినది. సంస్కృతమున నీరుల్లికి పలాండువనియు, వెల్లుల్లికి లశునమనియు పేర్లు. మన చిత్తూరు, తిరుపతి సీమలలో వాడుక వేరు. గడ్డ రంగును బట్టి నీరుల్లిని ఎర్రగడ్డ యనియు, వెల్లుల్లిని తెల్లగడ్డ యనియు పిలుతుము. సాంబారులో వేయు చిన్నవానిని చిన్నెర్రగడ్డలందుము. పేరు గడ్డకు వచ్చినను ఆకుకు గౌరవము తక్కువ కాదు. చరకసంహితలో పలాండువును లశునమును శాకవర్గమున గాక హరితవర్గమున, అనగా అల్లము, ముల్లంగి మొదలగు పచ్చిగా నంజుకొను వస్తువులతో చేర్చిరి. పచ్చిగా తిను వస్తువు పెరటిలోనిదైనప్పుడే దాని గుణము పూర్తిగా దక్కును.

ఈ విషయము కేవలము రుచికి సంబంధించినది కాదు. 2019 సంవత్సరము చివర ఎర్రగడ్డల ధర కిలో నూరు రూపాయలు దాటినప్పుడు మన రాష్ట్రమున రైతు బజారుల ముందు ప్రజలు బారులు తీరి, 25 రూపాయల ధరకు ప్రభుత్వము అమ్మించిన గడ్డలకై గంటల తరబడి నిలుచుండిరి. ఆ యేటి సెప్టెంబరు 29 వ తేదీననే కేంద్ర ప్రభుత్వము ఎగుమతిని నిలిపివేసినది. ఎక్కడనో మహారాష్ట్రములో వానలు తప్పినను, కురిసి చెరిచినను, దాని ఫలము మన పొయ్యిమీదకు వచ్చును. పెరటి కాడ ఇంటికి వలయు గడ్డల నన్నింటిని తీర్చజాలదు. కాని అంబలిలోనికి, చల్లలోనికి, పప్పులోనికి ఉల్లి రుచి కావలసిన పూట ఇల్లాలు చేయి జాపి కోసికొనుటకు చాలును. ధర పెరిగిన నెలలలో ఆ ఆసరా తక్కువది కాదు.

ఉల్లికాడ అనదగిన మొక్కలు నాలుగైదు కలవు. వానిలో మన నేలకు తగినది ఏదో మొదట నిర్ణయించుకొనవలెను.

మొదటిది పెద్ద ఎర్రగడ్డ. మొలకెత్తిన గడ్డను మట్టిలో పాతినచో ఆకు వచ్చును. మూడు నాలుగు కోతలైన పిమ్మట పూగొట్టము లేచియో, గడ్డ కుళ్ళియో ముగియును. ఇది తాత్కాలికమైన ఉపాయము.

రెండవది చిన్నెర్రగడ్డ. ఇదియే నా ప్రసంగమునకు ముఖ్యము. ఒక గడ్డను నాటినచో అది పక్కపక్కన నాలుగైదు పిల్లలను పెట్టి గుంపుగా పెరుగును. ఆకు సన్నము, ఘాటు ఎక్కువ. పొరుగున ఉన్న తమిళ దేశమున దీనిని విస్తారముగా పండింతురు. కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు దీనిలో పలు రకములను వెలువరించిరి. మన కడప జిల్లాలో మైదుకూరు ప్రాంతమున ఎగుమతికి పండించు కృష్ణాపురము ఉల్లి కూడ చిన్నగడ్డయే గాని, అది విత్తనముతో నారు పోసి పెంచునది. పెరటికి పిల్లలు పెట్టు చిన్నెర్రగడ్డయే మేలు.

మూడవది తెల్లగడ్డ. రెబ్బలను పాతి లేత ఆకును ఒకటి రెండు మారులు కోసికొనవచ్చును. చలి నెలలలో తప్ప మన ప్రాంతమున నిలువదు.

నాలుగవది చైవ్సు అను సీమ ఉల్లికాడ. ఐరోపావారి పెరళ్ళలో ఇది ఇంటింటను ఉండును. దానికి 1753 లో లిన్నేయసు అను శాస్త్రజ్ఞుడు పెట్టిన గ్రీకు మూలపు పేరునకు తుంగ వంటి ఉల్లి యని అర్థము. ఆకు దారపు పోగువలె సన్నముగ, గుండ్రముగ, లోపల బోలుగ ఉండును. పూవు లేత ఊదా రంగు బంతి వంటిది. చలి దేశపు మొక్క యగుటచే మన వైశాఖపు ఎండకు తాళజాలదు. ముచ్చటపడినవారు కార్తికము దాటిన పిమ్మట కుండలో విత్తి, ఫాల్గునము వరకు కోసికొని తృప్తి పడవలెను.

ఐదవది దాని చెల్లెలు. దీని ఆకు గుండ్రముగాక బల్లపరుపుగ, గరికవలె ఉండును, పూవు తెల్లన, వాసన తెల్లగడ్డను పోలును. చైనా మొదలగు దేశములలో దీనికి ప్రసిద్ధి మెండు. మన దేశమున మణిపురమువారు దీనిని మారోయి నకూప్పి యని పిలిచి పెరటి మడులలో తరతరాలుగా పెంచుచున్నారు. ఆచారపరులై ఉల్లిని వెల్లుల్లిని విడిచిన వైష్ణవ గృహములలో కూడ ఆ రుచికి దీనినే వాడుట వారి సంప్రదాయము. ఇది ఎండను కొంత ఓర్చుకొనును. దేశపు నలుమూలల విద్యార్థులకు నెలవైన పెద్ద విద్యాసంస్థలు మన ఏర్పేటి మండలమున స్థిరపడినవి గనుక, ఆయా ప్రాంతముల కూరలును మొక్కలును మనకు పరిచయమగుట ఇక కష్టము కాదు. ఎవరి వద్దనైన ఒక పిలక దొరికిన విడువవలదు.

ఇక మొక్క స్వభావము. దీనిని తెలిసికొన్నచో పోషణమంతయు తనంతట తెలియును. మామిడి కొమ్మ కొనను చిగిర్చును. ఉల్లికాడ మొదట పెరుగును. గడ్డ అడుగున, వేళ్ళు పుట్టు చోట, గట్టి బిళ్ళ వంటి భాగమొకటి కలదు. అదియే నిజమైన కాండము. ఆకులన్నియు అక్కడ పుట్టి, గోరు వేలి మొదట పుట్టి ముందుకు నెట్టబడినట్లు, పైకి నెట్టబడును. కావున కొనను కోసినను గోరు కత్తిరించినట్లే, మరల పెరుగును. ఆ బిళ్ళకు దెబ్బ తగిలినచో, కుళ్ళు పట్టినచో, ఆకు ఎంత పచ్చగ ఉన్నను మొక్క పోయినదే. మనము గడ్డ యనుకొనునది ఆకుల అడుగు భాగములే ఉబ్బి, ఆహారము నిలువచేసికొనిన గాదె. ఎండలో ఆకు వండిన భోజనమే ఆ గాదెలోనికి దిగును. ఆకునంతయు మాటిమాటికి కోసినచో గాదె నిండదు. గాదె నిండనిచో మరుసటి యేటికి విత్తు ఉండదు.

మా వీధిలో ఎనుబది యేండ్లు దాటిన అవ్వ యొకతె కలదు. ఆమె పెరటి గోడ పక్కను ఎప్పుడును ఈ చిన్నెర్రగడ్డల గుబురు ఉండును. ఒకమారు నేను, "అవ్వా, ఇన్నేండ్లుగా ఈ మొక్క పోకుండ ఎట్లు కాపాడుచున్నావు?" అని అడిగితిని. ఆమె నవ్వి, "ఏముంది అయ్యోరా, కొయ్యల్ల గానీ పెరకగూడదు. సగం మనకి, సగం దానికి" అని ఒక్క మాటతో తేల్చివేసినది. ఉద్యానశాస్త్ర గ్రంథములు పుటలకొలది చెప్పు విషయము ఆ మాటలో ఇమిడియున్నది. నా ప్రసంగమునకు అదియే సూత్రము, తక్కినదంతయు వ్యాఖ్యానము.

ఆ సూత్రమును ఆచరణమున పెట్టుటకు మడిని రెండు భాగములు చేసికొనవలెను. ఒకటి కోత మడి, రెండవది విత్తు మడి. కోత మడిలో ఆకు కోసికొందుము. విత్తు మడిలో ఒక్క ఆకునైనను ముట్టము. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు గల మడిలో నాలుగంగుళములకు ఒకటి చొప్పున వరుసకు తొమ్మిది, ఆరు వరుసలు, మొత్తము 54 గడ్డలు పట్టును. తూకమున ఇవి సుమారు అరకిలో. వీనిలో నాలుగు వరుసలు కోతకు, రెండు వరుసలు విత్తునకు విడిచిన ఒక చిన్న సంసారమునకు సరిపోవును. విత్తు వరుసల నుండి వచ్చిన పిల్లలే మరుసటి సారి మడి నింపుటకు చాలును.

నేల సంగతి. ఎర్రనేలయు, స్వర్ణముఖి ఒడ్డున ఇసుక కలిసిన నేలయు ఉల్లికి అనుకూలములే. నీరు నిలుచు బంకమట్టి పనికిరాదు. మడిని నేల మట్టమునకు జానెడు ఎత్తుగా కట్టవలెను. ఇది మన ప్రాంతమున తప్పనిసరి. ఎందులకో ముందు చెప్పెదను. ఎరువు బాగుగ మాగిన పశువుల ఎరువుగ ఉండవలెను. పచ్చిపేడ వేసినచో పురుగును కుళ్ళును చేరును. కుండలో పెంచువారు రెండు పాళ్ళు ఎర్రమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు మాగిన ఎరువు కలిపి, అడుగున రంధ్రములు గల కుండలో పోసికొనవలెను. కుండ లోతు జానెడు ఉన్న చాలును, ఉల్లి వేరు లోతునకు పోవునది కాదు. దినమునకు నాలుగైదు గంటల ఎండ తగులు చోటు ఉండవలెను. చూరు నీరు ధారగా పడు చోట కుండ పెట్టరాదు.

నాటుటకు గట్టిగా, మధ్యమ పరిమాణమున, బూజు లేని గడ్డలను ఏరుకొనవలెను. అంగడిలో కొన్నవైనను మంచివే. గడ్డ వేరు భాగము క్రిందుగ, ముక్కు పైకి కనబడునట్లు, మెడవరకు మాత్రమే మట్టిలో నొక్కవలెను. లోతుగ పాతినచో కుళ్ళును. పది దినములలో మొలక, మూడు నాలుగు వారములకు జానెడు ఆకు వచ్చును. విత్తనముతో పెంచినచో రెండు నెలలు వేచియుండవలెను. అదియును గాక, ఉల్లి విత్తనమునకు ఆయుర్దాయము తక్కువ. సాధారణముగ ఇంట ఉంచినచో ఏడాది తిరుగునప్పటికి మొలకెత్తు శక్తి చాలవరకు నశించును. అందుచేతనే విత్తనమును నమ్ముకొన్నవాడు ఏటేట కొనవలెను. పిల్ల గడ్డను నమ్ముకొన్నవాడు కొననక్కరలేదు.

నీటి విషయమున అతియే పనికిరాదు. వేరు పైపైననే ఉండుటచే కొంచెము కొంచెముగ, తరచుగ తడుపవలెను. వేలు మట్టిలో ఒక కణుపు లోతు గ్రుచ్చి చూచి, తడి లేనిచో నీరు పోయవలెను. తడి ఉన్నచో మానవలెను. బియ్యము, పప్పు, కూరగాయలు కడిగిన నీరు శ్రేష్ఠము. సబ్బు కలిసిన స్నానపు నీరు, ఉప్పు కలిసిన నీరు వలదు. కూరగాయలలో ఉప్పును ఓర్వలేని వానిలో ఉల్లి యొకటి. బోరు నీరు ఉప్పనైన చోట కుండ అంచున తెల్లని పొర కట్టును, ఆకు కొనలు మాడును. అట్టి గుర్తు కనబడినప్పుడు వాన నీటినో, మంచి నీటినో కుండ నిండ పోసి అడుగున కారిపోనిచ్చి, ఉప్పును కడిగివేయవలెను.

కోత. ఆకు జానెడు దాటిన పిమ్మటనే కోత మొదలిడవలెను. పదునైన కత్తితోనో కత్తెరతోనో, నేలకు రెండంగుళములు విడిచి కోయవలెను. చేతితో గుంజినచో వేరు కదలును. ఒక గుబురులో ఆకునంతయు ఒక్కమారు తీయక, వెలుపలి ముదురాకులను ముందు తీసి, లోపలి లేతాకులను విడువవలెను. ఈ పూట ఒక వరుస, మరునాడు మరియొక వరుస కోయుచు పోయినచో, చివరి వరుసకు వచ్చునప్పటికి మొదటి వరుస మరల ఎదిగియుండును. కోసిన గుబురునకు మూడు వారముల విశ్రాంతి ఈయవలెను. రెండు కోతలకొకమారు గుప్పెడు మాగిన ఎరువు మొదట చల్లి మట్టి కప్పుట మంచిది. నడుమ బోలుగొట్టమువలె గట్టి కాడ లేచి కొనను మొగ్గ వేసినచో దానిని వెంటనే త్రుంచవలెను. లేనిచో మొక్క బలమంతయు పూవునకు పోవును. ఆ మొగ్గయు తినదగినదే, పారవేయనక్కరలేదు.

ఇక ఋతువులు. పుస్తకములలో చూచి ఇతర ప్రాంతముల పద్ధతిని అనుసరించినచో మన చోట చిక్కు వచ్చును. తెలుగు దేశమున చాల భాగమునకు ఆషాఢ శ్రావణముల వానలు ముఖ్యము. మనకో, ఆశ్వయుజ కార్తికములలో తూర్పు సముద్రము నుండి వచ్చు ఈశాన్యపు వానలు ముఖ్యము. 2021 నవంబరులో కురిసిన కుంభవృష్టిని, స్వర్ణముఖికి వచ్చిన వరదను మరచినవారు మనలో ఉండరు. అట్టి వానలో మట్టముగ ఉన్న ఉల్లి మడి మూడు దినములు నీట నానినచో మొదలు కుళ్ళిపోవును. మడి జానెడు ఎత్తు ఉండవలెనని ముందు చెప్పినది ఇందులకే. వాయుగుండము వార్త వినబడగానే కుండలను పంచలోనికి చేర్చవలెను. మడి చుట్టును కాలువ తీయవలెను.

కార్తికమాసమున ఉల్లి తినని నియమము గల ఇండ్లు మనలో పెక్కు కలవు. ఆ నియమము ఏ కారణమున పుట్టినను, మన ప్రాంతపు మొక్కకు అది మేలే చేయుచున్నది. జడివానలో కోసిన కాడ గాయమునకు తడి చేరి కుళ్ళు పట్టును. ఆ నెల కోయక విడిచినచో గాదె నిండును. నియమము లేనివారు కూడ ఆ నెలలో మొక్కకు సెలవిచ్చుట మంచిది. వానలు వెనుకపట్టిన మార్గశిరమున, అనగా డిసెంబరు నడుమ, క్రొత్త మడి నాటుటకు ఉత్తమ కాలము. పుష్య మాఘములలో కోత సమృద్ధిగ ఉండును.

కఠిన పరీక్ష వేసవిది. మన ప్రాంతమున వైశాఖ జ్యేష్ఠములలో ఎండ 40 డిగ్రీలు దాటుట పరిపాటి. అప్పుడు రెండు మార్గములు. విత్తు మడిలోని గడ్డలు మాఘ ఫాల్గునములలో ఆకు పసుపెక్కి వాలును. వెంటనే నీరు మాని, పది దినములైన పిమ్మట గడ్డలను లేపి, ఆకుతోనే నీడలో వారము దినములు ఆరబెట్టి, పిడికెడు పిడికెడుగ కట్టి, గాలి తగులు వెదురు బుట్టలోనో ఉట్టిపైననో ఉంచవలెను. మూసిన డబ్బాలో, నేలపై గోనెలో ఉంచిన చెడును. వారమునకొకమారు చూచి, మెత్తబడిన దానిని తీసివేయవలెను. ఒకటి కుళ్ళిన పక్కవాటికి అంటును. ఇట్లు మూడు నాలుగు నెలలు నిలిచి, ఆషాఢపు చినుకులకు మరల నాటుటకు సిద్ధముగ నుండును. ఇది మొదటి మార్గము. రెండవది, కోత మడిలోని గుబురులలో ఒకటి రెంటిని కుండలోనికి మార్చి, ఉదయపు ఎండ మాత్రమే తగులునట్లు తూర్పు పంచను పెట్టి, మొదట ఎండుటాకు పరచి, దినమునకొకమారు తడుపుచు, కోత తగ్గించి ప్రాణము నిలుపుట. వివేకవంతుడు రెండును చేయును. ఒకటి తప్పినను రెండవది దక్కును.

గుబురు చిక్కబడినప్పుడు విడదీయుట మరువరాదు. చైవ్సు, దాని చెల్లెలగు బల్లపరుపు ఆకుది రెండు మూడేండ్లకొకమారు విడదీయవలెను. నేలను తడిపి, గుబురును మట్టితో లేపి, చేతితో మెల్లగ విప్పి, నాలుగైదు పిలకలు ఒక చోట చొప్పున జానెడు దూరమున నాటవలెను. విడదీయగా మిగిలినవే పొరుగువారికి ఈయదగిన పిలకలు. ఒకే చోట ఏటేట ఉల్లి జాతినే నాటక, రెండేండ్లు తోటకూరనో చిక్కుడునో వేసి మరల రావలెను. కుండలో పెంచువారు మట్టి మార్చవలెను.

చీడలలో ముఖ్యమైనది తామర పురుగు. కంటికి ఆననంత చిన్నది; ఆకు మడతలలో దాగి రసము పీల్చును; ఆకుపై వెండి చారలు పడును. పొడి ఎండలో విజృంభించును. చెంబుతో నీటిని ఆకులపై బలముగ చల్లి కడుగుట మొదటి వైద్యము. తగ్గనిచో లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పప్పు దంచి రాత్రియంతయు నానబెట్టి, వడగట్టి, చిటికెడు సబ్బుపొడి కలిపి సాయంకాలము చల్లవలెను. చల్లిన పిమ్మట కొన్ని దినములు కోత మాని, తరువాత బాగుగ కడిగి వాడవలెను. తడి కాలమున ఆకుపై ఊదా రంగు మచ్చలు వచ్చుట శిలీంధ్రపు తెగులు. మచ్చపడిన ఆకులను తీసి తగులబెట్టి, మొక్కల నడుమ గాలి ఆడునట్లు చేయవలెను.

ఇచ్చట పశువులున్న ఇండ్లవారికి ఒక ముఖ్యమైన హెచ్చరిక. కుళ్ళిన గడ్డలను, కోసిన ఆకులను కుప్పగ ఆవులకు వేయు అలవాటు కొందరికి కలదు. అది ప్రమాదకరము. ఉల్లి జాతిలోని గంధక ద్రవ్యములు ఎక్కువగ చేరినచో పశువుల రక్తములోని ఎర్ర కణములు పగిలి, పశువు పాలిపోయి, మూత్రము ఎర్రబడి, ప్రాణాపాయము కలుగును. కుక్కలకును పిల్లులకును కూడ ఇది విషమే. మనకు మేలు చేయు వస్తువు గోవునకు మేలు చేయుననుకొనరాదు. మిగిలినదానిని ఎరువు గుంటలో వేయవలెను. మడికి కంచె కట్టవలెను.

కోసిన కాడను వంటలో వాడుటయందును ఒక మెలకువ కలదు. కోయని ఉల్లికి ఘాటు వాసన లేదు. ఆకు కణములలో గంధక ద్రవ్యము ఒక అరలో, దానిని మార్చు పులియబెట్టు వస్తువు మరియొక అరలో వేరువేరుగ ఉండును. కత్తి తగిలి అరలు పగిలినప్పుడు ఆ రెండును కలిసి ఘాటు పుట్టును. గడ్డ కోసినప్పుడు కన్నీరు తెప్పించు ఆవిరికి కారణము దీనికంటె వేరగు మరియొక పులియబెట్టు వస్తువని 2002 లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వేడి తగిలినచో ఈ వస్తువులు పని మానును, ఘాటు చచ్చును. కావున కాడను వండుటకు ముందు కాదు, వండిన పిమ్మట తరిగి వేయవలెను. పప్పు దింపిన తరువాత, చల్లలో, రాగి అంబలిలో పచ్చిగా చల్లుకొన్నచో గుప్పెడు కాడ రెండు గడ్డల పని చేయును. ఆకుపచ్చని భాగమున గడ్డలో లేని కంటికి మేలు చేయు జీవపదార్థము కూడ కలదు.

రుచి ఒక్కొక్క భాగమున ఒక్కొక్క తీరున ఉండుట మన వైద్యులు ఎన్నడో గమనించిరి. వెల్లుల్లికి రసోనమని పేరు. ఆరు రసములలో పులుపు ఒక్కటి మాత్రమే ఊనమైనదని దాని అర్థము. భావప్రకాశకారుడు వేరున కారము, ఆకున చేదు, కాడన వగరు, కాడ కొనను ఉప్పు, విత్తున తీపి యని విభాగించి చెప్పెను. 1890 లో మధ్య ఆసియాలోని కూచా యను చోట భూర్జపత్రములపై వ్రాసిన ప్రాచీన సంస్కృత గ్రంథమొకటి దొరికినది. అందు మొదటి భాగమే వెల్లుల్లి మహిమను చెప్పును. ధర్మశాస్త్రము ద్విజులకు దీనిని నిషేధించినదన్నది సత్యమే. వైద్యశాస్త్రము ఔషధముగ కొనియాడినదన్నదియు సత్యమే. తినువారు తినుదురు, విడుచువారు విడుతురు. ఎవరి ఆచారము వారిది. తినని ఇంటివారైనను పెరటిలో ఒక గుబురు పెంచి పొరుగింటికి ఇచ్చుటకు అడ్డములేదు.

ఈ కడపటి మాటను కొంచెము గట్టిగ చెప్పదలచితిని. చిన్నెర్రగడ్డ పెరటిలో ఒక చేతి నుండి మరియొక చేతికి పోవుచు బ్రతుకునది. ఈ యేడు నాటునది పోయిన యేటి మొక్క ముక్కయే. అది అంతకు ముందటి యేటి దాని ముక్క. తాత నాటినదే మనుమడు కోయుచున్నాడన్నను అతిశయోక్తి కాదు. విత్తనమైనచో సంచిలో కొంతకాలము నిద్రించును. ఈ మొక్కకో, ఏటేట ఎవరో ఒకరు వేసవి దాటింపవలెను. ఒక్క వేసవి ఆ వీధిలో ఎవ్వరును దాటింపకున్నచో ఆ వీధి మొదలు తెగినట్లే. తరువాత అంగడిలో వేరు గడ్డ దొరకవచ్చును. మన నేలకు, మన నీటికి, మన వానకు తాళి నిలిచిన ఆ గడ్డ మాత్రము దొరకదు. నేను చూచుచుండగనే మా వీధిలో పెరళ్ళు సిమెంటు గచ్చులైనవి. గుబురులున్న ఇండ్లను వ్రేళ్ళపై లెక్కింపవచ్చును. గచ్చు వేసికొన్నవారిని నిందింపను. గచ్చుపైన కుండ పెట్టుకొనవచ్చునని మాత్రము గుర్తుచేయుచున్నాను.

కావున పెద్దలకు నా మనవి యిది. మీ ఊరిలో ఏ అవ్వ పెరటిలోనైన పాత గుబురు ఉన్నచో ఈ మార్గశిరమున పోయి పది గడ్డలు అడిగి తెచ్చుకొనుడు. లేనిచో అంగడిలో అరకిలో కొనుడు. ఎత్తు మడి కట్టి, మెడవరకు నాటి, కొంచెముగ తడిపి, రెండంగుళములు విడిచి కోసి, మూడవ వంతును ముట్టక విడువుడు. వేసవికి ముందు గడ్డలు లేపి ఉట్టిన పెట్టుడు. మరుసటి యేడు మీవద్ద పిల్లలు మిగులును. వానిని మీ వీధిలో రెండిండ్లకు పంచుడు. ఒక యింట మొదలు చెడినను మరియొక యింట మిగులును. ఇచ్చినవారికే రేపు పుచ్చుకొను వీలు కలుగును. అవ్వ చెప్పిన సగము మనకు, సగము దానికి అను లెక్కలో ఒక పాలు పొరుగువారికి కూడ కలిపితిమేని ఈ మొక్క మన ఊళ్ళను విడిచి పోదని నా నమ్మకము.